మునీంద్ర మానుకున్నది

కడప,
3 ఏప్రిల్ 2025

అత్తా,

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. ముప్పై ఒక్క ఏళ్లు ఆలూరు పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చున్న నువ్వే నవ్వితే ఇక తపాలా శాఖకు దిక్కెవరు? ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెట్టి వంటింటి గట్టు మీద ఉంచుతావు. నా మాటలన్నీ నాన్న వింటాడు. నేను మాట్లాడాల్సింది ఆయన గురించే. అందుకే కవరు మీద 'పోస్టాఫీసులోనే ఇవ్వవలెను' అని రాశాను. నీ తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన కృపమణి అక్క దాచి ఉంచుతుంది.

మార్చి నెల సగంలో నాన్న మీ ఇంటికి వచ్చాడు. తన ఫోన్ ఆపేశాడు. అమ్మతో నీ ఫోన్ నుంచి రెండు రోజులకోసారి 'తిన్నావా, తిన్నా' అని పెట్టేస్తున్నాడు. ఇరవై రెండో తేదీ బెంగళూరులో 'గండశిల' కచేరీ జరిగితే ఆయన వెళ్లలేదు. ఇరవై ఏడేళ్లలో ఆ బ్యాండు నాన్న లేకుండా వాయించడం అదే మొదటిసారి. ఆయన డ్రమ్ముల వెనక మధులత అనే అమ్మాయి కూర్చుంది. మన కడప పక్కన మాధవరం పిల్లే, ఇరవై ఆరేళ్లు. బాగా వాయించింది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అప్పటి నుంచి అభిమానులు ఒకటే ప్రశ్న మీద కూర్చున్నారు. మునీంద్ర రిటైరవుతున్నాడా? రెండు కాళ్లతో రెండు పెడళ్లు తొక్కుతూ గంటన్నర సేపు హెవీ మెటల్ సంగీతం వాయించే మనిషి, యాభై ఏడేళ్ల వయసులో ఇంకెన్నాళ్లు వాయిస్తాడు?

నీకొక రహస్యం చెప్పాలి. 'గండశిల గణం' అని ఫేస్‌బుక్‌లో అభిమానుల పేజీ ఒకటుంది. పద్దెనిమిది వేల మంది. దాన్ని 'కడప శిల' అనే మారుపేరుతో నడిపేది నేనే. పగలు ఇంటరు పిల్లలకు ఫిజిక్సు చెబుతాను, సాయంత్రం ఇది చూసుకుంటాను. నాన్నకు తెలియదు. ఆయన బెంగళూరు నుంచి నెలకోసారి ఇంటికొచ్చే రోజుల్లో, ఏ ఊళ్లో వాయిస్తున్నాడో తెలుసుకోవడానికి మొదలుపెట్టాను. అది పెరిగి ఇంతైంది.

నువ్వు మెల్లగా కూపీ లాగు. నేరుగా అడిగితే నవ్వి లేచిపోతాడు.

నీ హర్షిణి

*

ఆలూరు,
11 ఏప్రిల్ 2025

హర్షిణికి,

ఈ ఎండలకు ఇంకా కరిగిపోకుండా మిగిలిన మీ రాజేశ్వరి అత్త దీవెనలు.

ముందు ఒక ఫిర్యాదు. పిన్‌కోడు తప్పు రాశావు. ఫిజిక్సు పంతులమ్మవు, ఆరంకెలు సరిగ్గా వేయలేవా? నా పేరు చూసి కృపమణి పక్కన పెట్టబట్టి సరిపోయింది.

ఇక మీ నాయన సంగతి. పోయిన గురువారం ఉరుకుందకు వెళ్లి ఈరన్న స్వామికి తలనీలాలు ఇచ్చి వచ్చాడు. నడుము దాకా ఉండే ఆ జుట్టు మొత్తం! వాకిట్లో నిలబడితే నేను గుర్తుపట్టలేదు. "ఎవరప్పా, ఏం గావాల?" అన్నాను. "నేనేలే అక్కా" అన్నాడు. ఎందుకురా అంటే "మొక్కు" అన్నాడు. ఏం మొక్కు అంటే తువ్వాలు తలకు చుట్టుకుని లోపలికి పోయాడు.

రెండోది, సడి పడదు ఆయనకు. గోడ గడియారంలో సెల్లు తీసేశాడు. ఎద్దుల మెడలో గంటలు విప్పాడు. పక్కింటి రాహేలమ్మ మిక్సీ వేస్తే చాలు, చెప్పులేసుకుని చేనికి వెళ్లిపోతాడు. నేను చెంబు కింద పెట్టినా "అక్కా, మెల్లగ" అంటాడు. బతుకంతా గంగాళాలు మెట్ల మీద దొర్లించినట్టు వాయించి, ఇప్పుడు చెంబు చప్పుడుకు ఉలిక్కిపడితే నేనేమనుకోవాలి?

మూడోది వింటే నీకు బాధేస్తుంది. బెంగళూరు నుంచి తెచ్చిన డ్రమ్ములన్నీ పాత దుప్పట్లలో చుట్టి, నారతాడుతో బిగించి, గడ్డి కొట్టంలో పెట్టాడు. అటు వైపు కూడా పోవడం లేదు.

ఉన్నదున్నట్టు చెప్పు. మీ అమ్మా ఆయనా ఏమైనా అనుకున్నారా? మగవాడు పెళ్లాంతో పోట్లాడితే గడ్డం పెంచుతాడు గానీ గుండు చేయించుకోడని రాహేలమ్మ అంటుంది. నాకైతే ఇది వైరాగ్యంలా కనిపిస్తోంది.

చింతపండు కొట్టి ఉంచాను. ఎవరైనా ఇటు వస్తే పంపిస్తాను.

మీ అత్త

*

కడప,
19 ఏప్రిల్ 2025

అత్తా,

అమ్మా నాన్నా పోట్లాడుకోలేదు. పోట్లాడుకోవాలంటే ఇద్దరూ ఒక ఊళ్లో ఉండాలి కదా.

ఒక పొరపాటు చేశాను, తిట్టకుండా చదువు. నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం మనసు ఆగక పేజీలో మూడు వాక్యాలు రాశాను. 'జుట్టు పోయింది. డ్రమ్ములు మూటల్లో ఉన్నాయి. పడమటి సీమలో మన మునీంద్ర మౌనంగా ఉన్నాడు.' అంతే. తెల్లారేసరికి తొమ్మిది వందల కామెంట్లు.

శ్రీశైలంలో ఏదో మఠంలో చేరి సన్న్యాసం పుచ్చుకున్నాడని ఒక వర్గం. సర్పంచి ఎన్నికలకు నిలబడుతున్నాడు, ఓటర్లు జడుసుకుంటారని జుట్టు తీయించాడని ఇంకో వర్గం. ఒకాయన కిందటేడు వీడియోను నెమ్మదిగా తిప్పి చూసి, నాన్న ఎడమ కాలు నిమిషానికి పదిహేడు దెబ్బలు తక్కువ కొట్టిందని లెక్క తేల్చాడు. ఆయన విద్యుత్ శాఖలో మీటర్లు చూసే ఉద్యోగి. ఆయన లెక్క తప్పదని అందరూ నమ్మేశారు.

'ఎద్దులబండి' అనే పేరుతో ఎవరో ఒకడు మాత్రం ప్రతి పోస్టు కిందా 'అట్లాంటిదేం లేదు, ఆయన బాగానే ఉండాడు, మీ పన్లు మీరు చూసుకోండి' అని రాస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది.

అందరికంటే ఎక్కువగా తిట్లు పడుతున్నది మధులతకు. నాన్నను ఆ అమ్మాయే వెళ్లగొట్టిందట. నేను ఆపలేదు అత్తా. ఆపాలని కూడా అనిపించలేదు. రెండేళ్లుగా నాన్న ఆమెకు నేర్పిస్తున్నాడని ఇప్పుడే తెలిసింది. నాకు పదేళ్లప్పుడు నేర్పమని ఏడిస్తే 'నీకొద్దు పో' అని తలుపు వేసుకున్న మనిషి. ఆ తలుపు రంగు కూడా నాకు గుర్తే.

నువ్వే నేరుగా అడిగెయ్. తెలియకపోతే నేను నిలవలేను.

నీ హర్షిణి

*

ఆలూరు,
28 ఏప్రిల్ 2025

హర్షిణికి,

గుండె గట్టి చేసుకుని చదువు. అడిగేశాను.

నిన్న సాయంత్రం నాలుగు గంటలకు నేను పొయ్యి మీద కాఫీకి నీళ్లు పెట్టాను. ఆయన గడప మీద కూర్చున్నాడు. ఇదే అదను అనుకున్నాను.

"ఏమిరా మునీ, ఇంక మానుకున్నట్టేనా?"

నా వైపు ఒకసారి చూశాడు. "మానుకున్నట్టేనక్కా."

"ముప్పై ఏండ్ల అలవాటు గదరా!"

"ముప్పై ఐదు. కష్టంగానే ఉండాది. పొద్దున లేస్తానే చేతులు దానికోసం ఎతుక్కుంటాండాయి. తలనొప్పి గూడా వస్తాండాది."

"మల్ల ఎప్పుడన్నా ఒగసారి..."

"ఒగసారి రుచి జూస్తే మల్ల యాడ ఆగుతాం? వద్దులే. ఇన్నాళ్లు శానా సుఖపడితి, సాలు."

రుచి అన్నాడు చూడు! కళాకారుడు కాబట్టి ఆ మాట వచ్చింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగి, కాఫీ పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఇక నీ మూడు వాక్యాలు ఏం చేశాయో విను. 'పడమటి సీమ' అని రాశావు కదా, దాన్ని పట్టుకుని ఆదోని నుంచి ఇద్దరు మోటారు సైకిల్ మీద దిగారు. ఈ ఎండలో నల్ల చొక్కాలు, వాటి మీద పుర్రెలు. రాహేలమ్మ గోడ మీద నుంచి తొంగి చూసి, "కరెంటోళ్లా అక్కా? స్తంభానికుండే డేంజరు బొమ్మ ఏసుకోనుండారు" అంది. మీ నాయన గుండు చూసి ఆ ఇద్దరూ గట్టిగా ఏడ్చారు. ఒకతను కళ్లు తుడుచుకుని "అమ్మా, ఆ యెంటికలు ఏ హుండీలో ఏసినారు?" అని అడిగాడు. ఇంతలో మీ నాయన వెనక తలుపు గుండా చేనికి పారిపోయాడు. ఉగ్గాని, బజ్జీలు పెట్టి పంపించాను. మంచి పిల్లలే. ఎంగిలి పళ్లేలు వాళ్లే కడిగారు.

ఆ మధులతను ఆడిపోసుకోనివ్వకు. ఎవరి బిడ్డో.

మీ అత్త

*

కడప,
6 మే 2025

అత్తా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, అమ్మకు కనబడకుండా ఏడ్చి, తర్వాత పేజీలో ప్రకటించేశాను. 'నమ్మదగిన కుటుంబ వర్గాల సమాచారం ప్రకారం మునీంద్ర ఇక వాయించరు.' పాతికేళ్ల అభిమానులకు ఆ మాత్రం నిజం తెలియాలి కదా.

ఏమైందో చెప్పలేను. గండశిల గిటారు ఓబుళేశు మామ అమ్మకు ఫోన్ చేసి, "వదినా, మాకొక మాట చెప్పకుండా ఊరంతా చెప్పినాడా?" అని బాధపడ్డాడు. అమ్మ మొదట నవ్వింది. తర్వాత ఆ పూట పొయ్యి వెలిగించడమే మరిచిపోయింది.

అభిమానులు వీడ్కోలు మొదలుపెట్టారు. ఒక్కొక్కరు ఒక్కో జ్ఞాపకం రాస్తున్నారు, నాలుగు వందలు దాటాయి. నందికొట్కూరులో విత్తనాల అంగడి ఆయన తన పెళ్లి ఊరేగింపులో గండశిల పాట వాయించమని మేళంవాళ్లను బతిమాలితే, వాళ్లు సగంలో సన్నాయి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారట. కరోనా వార్డులో పనిచేసిన నర్సు ఒకామె, డ్యూటీ దిగాక చెవుల్లో నాన్న డ్రమ్ములు పెట్టుకుంటేనే తనకు ఏడుపు వచ్చేదని, ఏడిస్తేనే నిద్ర పట్టేదని రాసింది. నాన్న ఇన్ని ఇళ్లలో ఉన్నాడా అనిపించింది. మా ఇంట్లో తప్ప.

ఆ 'ఎద్దులబండి' మాత్రం వదల్లేదు. 'ఆయన అట్లన్నాడని మీకెవరు చెప్పిరి?' అని దబాయించాడు. 'మునీంద్ర సంగతి మీకంటే మాకు బాగా తెలుసు' అని జవాబిచ్చి, పేజీలోంచి గెంటేశాను.

మధులత మీద తిట్లు ఎక్కువయ్యాయి. ఆమె ఒకే ఒక్క మాట పెట్టింది. 'మా గురువుగారు చెప్పమన్నప్పుడు మాట్లాడతాను.' పొగరు అనుకున్నాను. ఇప్పుడు నీకు రాస్తుంటే మాత్రం ఆ మాట ఎందుకో గుచ్చుకుంటోంది.

నీ హర్షిణి

*

ఆలూరు,
15 మే 2025

హర్షిణీ,

దీవెనలు తర్వాత. ముందు కూర్చో.

కాఫీ! మీ నాయన మానుకున్నది కాఫీ!

మొన్న కృపమణి ఇంటికొస్తే కాఫీ పెట్టి, ఇన్నాళ్లూ ఎండలకు వద్దంటున్నాడనుకుని ఆయనకూ ఒక గ్లాసు ఇచ్చాను. "అక్కా, మానుకుంటినని ఆ పొద్దే చెప్తి గదా" అన్నాడు. నా చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. అదే గడప, అదే పొయ్యి. నేను డ్రమ్ముల గురించి అడిగాను, ఆయన కాఫీ గురించి చెప్పాడు. తప్పు నాది. ప్రకటన నీది. ఇద్దరం కలిసి పద్దెనిమిది వేల మందిని ఏడిపించాం.

"కాఫీ ఎందుకురా మానుకుంటివి?" అంటే "డాక్టరు చెప్పినాడు" అన్నాడు. ఏ డాక్టరంటే కృపమణి వైపు చూశాడు. నేను వదల్లేదు. కృపమణి వెళ్లిపోయాక చెప్పాడు. ఎడమ చెవి సగం పోయిందట. వినబడే సగంలోనూ రాత్రింబగళ్లు కీచురాయి కూసినట్టు హోరట. కర్నూలు డాక్టరు నాలుగు నెలలు ఏ చప్పుడూ వద్దన్నాడట, కాఫీ కూడా మానమన్నాడట. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలి. తర్వాత చెవులకు బిరడాలు పెట్టుకుని కొంచెం కొంచెం వాయించవచ్చన్నాడట. జులై సగానికి గడువు తీరుతుంది. ఉరుకుంద మొక్కు కూడా దానికే.

"మీ వాళ్లకు చెప్పొచ్చు గదరా" అన్నాను.

"డ్రమ్ములోడికి చెవుడని తెలిస్తే ఎవురన్నా మల్ల పిలుస్తారా అక్కా?"

నీ సంగతి కూడా అడిగాను. నీకెందుకు నేర్పలేదని. లేచి వెళ్లి ఎద్దు వీపు తట్టాడు. "నా చెవిలో ఈ కూత మొదలైంది పాపకు పదేండ్లప్పుడే. ఎవురికీ చెప్పలే. తెలిసి తెలిసి దాని చెవిలో గూడ ఎట్ల పెట్టేది? మధులత నన్నడిగి మొదలుపెట్టలే, అప్పటికే వాయిస్తాండె. చెవులు కాపాడుకోమని చెప్పేదానికే పిలిపిస్తి" అన్నాడు.

ఇక అసలు కష్టం. సాయంత్రాలు నా ఫోను తీసుకుని బయట కూర్చుంటే క్రికెట్టు చూస్తున్నాడనుకున్నాను. మీ పేజీ చదువుతున్నాడు. ఆ నాలుగు వందలూ చదివాడు. "ఇంత బాగా సాగనంపినాక మల్ల పోయి కూచ్చుంటే మర్యాద గాదక్కా. ఆ కడప శిల ఎవురో, నాకంటే ముందే నా సంగతి తేల్చినాడు. మంచిదే" అని, ఓబుళేశుకు ఉత్తరం రాశాడు, బ్యాండు వదిలేస్తున్నానని. అంటించి, డబ్బాలో వేయమని నా చేతికిచ్చాడు.

ముప్పై ఒక్క ఏళ్లలో ఒకరి ఉత్తరం ఒక్క పూట ఆపిన దాన్ని కాదు. ఆ కవరు ఇప్పుడు నా కొర్రల డబ్బాలో ఉంది. ఏదో ఒకటి చెయ్.

మీ అత్త

*

కడప,
26 మే 2025

అత్తా,

ఆ కవరు కదిలించకు. పాపమైతే సగం నాకు రాయి.

నీ ఉత్తరం వచ్చాక అమ్మకు చెవి సంగతి చెప్పాను. తల పట్టుకుంది. "పదేండ్లుగా పిలిస్తే పలకడు. మొగుళ్లందరికీ ఉండే జబ్బే అనుకుంటి" అంది. నవ్వాలో ఏడవాలో ఇద్దరికీ తెలియలేదు.

ఆదివారం మాధవరం వెళ్లాను. మధులత వాళ్లది మగ్గాల ఇల్లు. వాకిట్లో అడుగు పెట్టగానే టకటకా శబ్దం. ఆమె మగ్గం గుంటలో కూర్చుని నేస్తోంది, రెండు కాళ్లూ కింద తొక్కుడు పలకల మీద ఆడుతున్నాయి. చూసిన వెంటనే అర్థమైంది, ఈ పిల్లకు ఆ కాళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో. చెవుల్లో నారింజ రంగు బిరడాలు ఉన్నాయి. అవి తీసి, "ఎవురు గావాలక్కా?" అంది.

"నేను మునీంద్ర కూతుర్ని. 'కడప శిల' కూడా నేనే."

లేచి బయటికి రాలేదు. మగ్గం గుంటలోంచే నన్ను కిందికీ పైకీ చూసింది. "మీరేనా! మీ పేజీలో తిట్లు సదివి మా యమ్మ మూడు దినాలు అన్నం ముట్టలే" అంది. నేను క్షమించమన్నాను. "నాకు జెప్తే ఏమొస్తాది, మా యమ్మకు చెప్పండి" అని లోపలికి కేకేసింది.

వాళ్లమ్మ ముందు నిలబడి చెప్పాను అత్తా. అన్నీ చెప్పాను. ఆమె విని, "మీ నాయన మా పాపకు చెవులు కాపాడినాడు. నువ్వు నోరు కాపాడుకో తల్లీ" అని కంచం పెట్టింది. తిన్నాను. అంత కారం నా జన్మలో తినలేదు.

చెవి సంగతి మధులతకు మార్చి నుంచే తెలుసట. నాన్న ఎవరికీ చెప్పవద్దన్నాడని అన్ని తిట్లూ పడింది గానీ నోరు విప్పలేదు.

తిరిగొచ్చి పేజీలో మధులతకు బహిరంగంగా క్షమాపణ రాశాను. ఆమెను తిట్టిన కామెంట్లన్నీ తీసేశాను. కానీ అసలు సంగతి ఎట్లా రాయను? చెవి ఆయనది, చెప్పాల్సింది ఆయన. అందుకని 'నేను రాసింది తప్పు, మునీంద్ర మానుకున్నది డ్రమ్స్ కాదు, కాఫీ' అని మాత్రం పెట్టాను.

ఎవ్వరూ నమ్మలేదు. 'కాఫీ' అంటే రాబోయే ఆల్బం పేరని తేల్చారు. మీటర్ల ఆయన అందులో తొమ్మిది పాటలు ఉంటాయని కూడా చెప్పేశాడు.

నాన్నకు నువ్వే చెప్పు అత్తా. నాకు ధైర్యం లేదు.

నీ హర్షిణి

*

ఆలూరు,
9 జులై 2025

హర్షిణికి,

జవాబు ఆలస్యమైంది. జూన్‌లో వానలు పడి విత్తనం పనిలో పడ్డాం. పనికంటే నా పిరికితనమే ఎక్కువ. చెప్పాలని నోరు తెరవడం, ఆయన ముఖం చూసి మూసుకోవడం. పోయిన ఆదివారం చెప్పేశాను. పీర్లు చెప్పించాయి.

పీర్ల పండుగ ఆఖరు రోజు కదా, పగటిపూట పీర్లు మా వీధిలోనే వెళతాయి. ముందర బసవన్న జట్టు డప్పులు. మీ నాయన లోపల అర్రలో తలుపు వేసుకుని, చెవుల్లో దూది, దాని మీద తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. మా గుమ్మం దగ్గర ఆగి బసవన్న, "మునెప్పా, యాడుండావు? రాప్పా, ఒగ దెబ్బ ఏద్దువు!" అని పిలిచాడు. పలకలేదు. చూద్దామని నేను తలుపు తీశాను. మంచం మీద కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. చేతులు ఒళ్లో ఉన్నాయి. కాళ్లు మాత్రం, హర్షిణీ, రెండు కాళ్లూ నేల మీద బసవన్న డప్పుతో సమంగా పోతున్నాయి. ఒక్క దెబ్బ తప్పలేదు. ఆ చప్పుడు ఆయనకు నేలలోంచి వస్తోంది. తన కాళ్లు ఆడుతున్నట్టు ఆయనకు తెలియదు.

నేరుగా వంటింట్లోకి వెళ్లి కొర్రల డబ్బాలో చెయ్యి పెట్టి కవరు తీశాను. పీర్లు వీధి మలుపు తిరిగాక తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను.

"ఇది నేను ఏయలేదురా."

కవరు తిప్పి తిప్పి చూశాడు. "ఏయలేదా? రెండు నెలలైనా జవాబు రాలేదని, వాళ్లకు నేను అక్కరలేదనుకుంటినే!"

ఈ ఇంట్లో ఎవరు ఎవరికి ఏం చెప్పినా ఇంతే. ఇక దాచి లాభం లేదని అన్నీ చెప్పేశాను. మన ఉత్తరాలు, కాఫీ, నువ్వు, నీ పేజీ. 'కడప శిల' నువ్వేనన్నప్పుడు మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"అది మన పాపనా?"

"అవునురా."

"నన్ను గెంటేసింది అదేనా?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. ఆ 'ఎద్దులబండి' ఈయనేనట! నా ఫోనులో దొంగపేరు పెట్టుకుని, 'ఆయన బాగానే ఉండాడు' అని తన గురించి తానే రాసుకున్నాడట. "మునీంద్ర సంగతి మీకంటే మాకే బాగా తెలుసని మునీంద్రకే చెప్పిందక్కా" అని నవ్వడం మొదలుపెట్టాడు. తువ్వాలు ఊడిపోయేదాకా నవ్వాడు. రాహేలమ్మ గోడ మీద నుంచి చూసి, "ఏమైందక్కా?" అంది. మార్చి నుంచి ఈ ఇంట్లో అంత పెద్ద చప్పుడు అదే.

ఉత్తరం చించలేదు. ఓబుళేశు ముందరే చించుతానని జేబులో పెట్టుకున్నాడు. గడువు తీరగానే కర్నూలు డాక్టరుకు చూపించుకుని కడపకు వస్తాడు.

పోస్టాఫీసు పాపం నాకు మిగిలింది. కృపమణికి చెప్పుకున్నాను. "మీరు రిటైరయినారు గదమ్మా, లెక్కలేదులే" అంది.

మీ అత్త

*

కడప,
16 సెప్టెంబరు 2025

అత్తా,

కర్నూలు కచేరీకి రమ్మంటే పత్తి తీయాలని రాలేదు కదా, అందుకే మొత్తం రాస్తున్నాను. ఫోన్‌లో చెప్పేది కాదు ఇది.

జులైలో నాన్న ఇంటికొచ్చిన రోజు గుమ్మంలో నిలబడి, "కడప శిలగారు ఉండారా?" అన్నాడు. నేను వంటింట్లో దాక్కున్నాను, ఇరవై ఎనిమిదేళ్లు వచ్చాక కూడా. ఆయనే లోపలికి వచ్చి పీట వేసుకుని కూర్చున్నాడు. "నేర్పలేదని కోపమా?" అన్నాడు. ఉండేదన్నాను. "ఇప్పుడు నేర్చుకుంటావా?" అన్నాడు. వద్దన్నాను. "నాకు వాయించాలని లేదు నాన్నా, అప్పుడైనా. తలుపు లోపలికి రావాలని ఉండేది" అన్నాను. ఆ మాట నాకు కూడా అప్పుడే తెలిసింది. ఆయన అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, "రేపు బెంగళూరు పోతాండా, ఓబుళేశుతో మాట్లాడల్ల. వస్తావా?" అన్నాడు. వెళ్లాను. సాధన గదిలో ఓ మూల కూర్చున్నాను. ఓబుళేశు మామ ఆ ఉత్తరం చదివి, చించి, నాన్న వీపు మీద ఒక్కటి వేశాడు. తర్వాత ఇద్దరూ ముక్కులు చీదుకున్నారు.

డిసెంబరు దాకా నాన్న సగం పాటలు, మధులత సగం. ఆ తర్వాత కుర్చీ మధులతది. నిర్ణయం నాన్నదే. 'ఎప్పుడు చెబుతావు?' అంటే 'కర్నూల్లో' అన్నాడు. రెండు నెలలు నేను పేజీలో ఒక్క అక్షరం రాయలేదు. ఊహాగానాలు మాత్రం ఊరకుంటాయా? గుండు మీద వెంట్రుకలు ఎంత పెరిగాయో ఫోటోల్లో కొలిచి, కచేరీ తేదీని లెక్కగట్టిన వాళ్లు కూడా ఉన్నారు.

శనివారం సాయంత్రం, ఇంకా ఎండ ఉంది. కాలేజీ మైదానం. మూడు వేల మంది ఉంటారు. మీ ఆదోని పిల్లలిద్దరూ ముందు వరసలో ఉన్నారు, ఈసారి వాళ్లూ గుండ్లు చేయించుకున్నారు. మధులత వాళ్లమ్మ అమ్మ పక్కన కూర్చుంది. మాకందరికీ మధులత బిరడాలు పంచింది.

మొదట మధులత నాలుగు పాటలు వాయించింది. మొన్న వేసవిలో ఆమెను తిట్టిన నోళ్లే కేకలు వేశాయి. తర్వాత నాన్న వచ్చాడు. ఐదు పాటలు. ఐదో పాటకు చేతులు అలిసిపోయాయని నాకు తెలిసింది. కాళ్లు అలిసిపోలేదు. మీటర్ల ఆయన నా వెనకే ఉన్నాడు, లెక్క పెడుతున్నాడేమోనని తిరిగి చూశాను. కళ్లు మూసుకుని ఏడుస్తున్నాడు.

పాట అయ్యాక నాన్న లేచి మైకు దగ్గరికి వచ్చాడు. ఇరవై ఏడేళ్లలో ఆయన మైకు ముట్టుకోవడం ఎవరూ చూడలేదు.

"ఏమప్పా, అందరూ బాగుండారా? నేను బాగానే ఉండా. సన్న్యాసం తీసుకోలే. సర్పంచికి నిలబడలే. నన్నెవురూ వెళ్లగొట్టలే. ఈ పాప నాకంటే బాగా వాయిస్తాది, డిసెంబరు దాటినాక ఈ కుర్చీ ఆమెదే. నేనే ఇస్తాండా, ఆమె అడగలే."

ఎవరో 'వద్దు తాతా' అని అరిచారు. ఇంకొందరు అరిచారు. నాన్న తల ఒకవైపు తిప్పి, చెయ్యి చెవికి పెట్టాడు.

"ఇంగొక మాట. నాకు ఎడమ చెవి పోయింది. శానా ఏండ్లాయె. సిగ్గుపడి ఎవురికీ చెప్పలే. మీరు ఏం అరుస్తాండారో ఈ పక్క నాకు సరిగ్గా ఇనపడదు."

తర్వాత ముందు వరసలో ఆదోని పిల్లలిద్దరూ లేచి, నాన్న ఎడమ చెవి వైపు నుంచి కుడి చెవి వైపుకు నడిచారు. వాళ్ల వెనక ఇంకో పదిమంది. ఆ వెనక వరస మొత్తం. అరుపుల్లేవు, తోపులాట లేదు అత్తా. నల్ల చొక్కాల మూడు వేల మంది కుర్చీలు చేత్తో ఎత్తుకుని, ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ, మైదానంలో సగం ఖాళీ చేసి మిగతా సగంలోకి సర్దుకున్నారు. అమ్మనూ, మధులత వాళ్లమ్మనూ ఎవరో చేతులు పట్టుకుని తీసుకెళ్లారు. పోలీసాయన కూడా లాఠీ చంకలో పెట్టుకుని అటే నడిచాడు.

నాన్న మైకు పట్టుకుని అట్లాగే నిలబడి చూశాడు. అందరూ సర్దుకున్నాక తల వాళ్ల వైపు వంచి, "ఇప్పుడు చెప్పండప్పా" అన్నాడు.

నేనూ అరిచాను. అందరికంటే గట్టిగా.

నీ హర్షిణి